రోగి అనుమతి – ధర్మం దానికిచ్చిన విలువ

ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే కుటుంబమంతా కదులుతుంది. పెద్దకొడుకు డాక్టరుగారి గదిలోకి వెళ్ళి మాట్లాడతాడు. అల్లుడు స్కానింగ్ రిపోర్టు తెప్పిస్తాడు. తమ్ముడు డబ్బు సర్దుతాడు. ఆపరేషన్ కాగితం మీద ఎవరో ఒకరు సంతకం పెట్టేస్తారు. మంచం మీద ఉన్న మనిషికి మాత్రం "ఏమీ లేదు, చిన్న ఆపరేషన్, రెండు రోజుల్లో ఇంటికి వెళ్ళిపోదాం" అని చెబుతారు. ఏ జబ్బో, ఏం కోస్తున్నారో, ఆ తర్వాత ఏమవుతుందో ఆ మనిషికి తెలియదు. ఆ శరీరం ఎవరిదో వారికి తప్ప మిగతా అందరికీ అన్నీ తెలుసు!

ఇదంతా ప్రేమతోనే జరుగుతుందనడంలో సందేహం లేదు. అయితే ఉద్దేశం మంచిదైనంత మాత్రాన ప్రతి పనీ ధర్మసమ్మతం అయిపోదు. తెలివిలో ఉన్న రోగిని అడగకుండా అతని తరఫున నిర్ణయించే హక్కు మనకు ఉందా? తెలివి లేనివారి విషయంలో ఆ హక్కు ఎవరిది, ఎంతవరకు? ఈ రెండు ప్రశ్నలకు షరీఅత్ ఇచ్చిన సమాధానాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

దైవప్రవక్త (స) ఇంట్లో జరిగిన సంఘటన

ఈ విషయంలో మనకు అన్నిటికన్నా గొప్ప పాఠం స్వయంగా దైవప్రవక్త (స) అంతిమ వ్యాధి రోజుల్లోనే ఉంది. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. ఆయన (స) తీవ్రంగా జబ్బుపడి ఉండగా ఇంట్లోనివారు ఆయన నోటిలో ఒక పక్కనుంచి మందు పోయసాగారు. అరబ్బులు ఈ విధమైన మందును 'లదూద్' అనేవారు. వద్దని ఆయన (స) సైగ చేశారు. జబ్బుపడినవారెవరికైనా మందంటే అయిష్టం ఉంటుంది కదా, ఇదీ అలాంటిదేనని ఇంట్లోనివారు అనుకున్నారు, మందు పోసేశారు. కాస్త తేరుకున్న తర్వాత, నేను వారించలేదా అని ఆయన (స) నిలదీశారు. రోగి అయిష్టమే అనుకున్నామని వారు విన్నవించుకున్నారు. అప్పుడు ఆయన (స), అక్కడ లేని హజ్రత్ అబ్బాస్ (రజి) తప్ప ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరికీ తన కళ్ళెదుట అదే మందు పోయాలని ఆదేశించారు. ఇది పగ తీర్చుకోవడం కాదు, మళ్ళీ అలా చేయకుండా నేర్పిన పాఠమని హదీసు వ్యాఖ్యాతలు వివరించారు.

ఈ సంఘటనలో మూడు విషయాలు గమనార్హం. మొదటిది, మందు పోసినవారు శత్రువులు కారు, ప్రాణం ఇచ్చేంతగా ప్రేమించేవారు. అయినా వారి ప్రేమ అనుమతికి బదులు కాలేదు. రెండవది, నోటితో చెప్పలేని స్థితిలో చేసిన సైగ కూడా మాటగానే లెక్కకు వచ్చింది. మూడవది, 'రోగులు ఇలాగే అంటారులే' అన్న మాట అంగీకారం పొందలేదు. మన ఇళ్ళలో ఈనాటికీ వినిపించే మాట ఇదే. "జ్వరంలో ఏదో అంటోంది, పట్టించుకోవద్దు" అనేస్తాం. వద్దన్న మనిషి ఎందుకు వద్దంటున్నాడో అడగం.

ఎంపిక ఆమెకే వదిలారు

మరో హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. మూర్ఛవ్యాధితో బాధపడే ఒక నల్లజాతి మహిళ ప్రవక్త (స) వద్దకు వచ్చింది. మూర్ఛ వచ్చినప్పుడు తన బట్టలు తొలగిపోతున్నాయని, తన కోసం దుఆ చేయమని కోరింది. ఆయన (స) ఆమె ముందు రెండు మార్గాలు ఉంచారు: సహనం వహిస్తే స్వర్గం ఉంది, కావాలంటే స్వస్థత కోసం దుఆ చేస్తాను. ఆమె సహనాన్నే ఎంచుకుంది. అయితే బట్టలు తొలగిపోకుండా దుఆ చేయమని అడిగింది, ఆయన (స) అలాగే చేశారు.

ఈ హదీసు ద్వారా మందులు వాడకూడదని ఎవరూ అర్థం చేసుకోరాదు. వైద్యం చేయించుకోమని, అల్లాహ్ వృద్ధాప్యానికి తప్ప ప్రతి వ్యాధికీ చికిత్స పెట్టాడని ప్రవక్త (స) బోధించారు. ఇక్కడ మనం చూడవలసింది ఆయన (స) పద్ధతిని. ఆమె తండ్రి ఎవరు, భర్త ఎవరు అని అడగలేదు. మూర్ఛరోగి కదా, ఆమెకేం తెలుస్తుందని అనుకోలేదు. ఏ మార్గంలో ఏముందో ఆమెకే వివరించి, ఆమెనే ఎంచుకోనిచ్చారు. నేటి వైద్యులు చెప్పే 'తెలిసి ఇచ్చే అనుమతి'కి ఇంతకంటే చక్కని నమూనా ఏముంటుంది?

వ్యాధి అర్హతను తొలగించదు

మదరసాల్లో చదివే 'నూరుల్ అన్వార్' వంటి ఉసూలె ఫిఖహ్ గ్రంథాల్లో 'అహ్లియ్యత్' (అర్హత) అనే అధ్యాయం ఉంటుంది. మనిషి మాట ఎప్పుడు చెల్లుతుంది, ఎప్పుడు చెల్లదు అన్నది అక్కడి చర్చ. మాట చెల్లడానికి అఖల్ (బుద్ధి), బులూగ్ (యుక్తవయస్సు) ఆధారం. నిద్రపోయేవాడు మేల్కొనే వరకు, పిల్లవాడు యుక్తవయస్కుడయ్యే వరకు, మతి తప్పినవాడు స్వస్థుడయ్యే వరకు కలం ఎత్తివేయబడిందన్న హదీసు దీనికి మూలం.

అర్హతకు అడ్డు వచ్చే వాటిని ఫుఖహా ఒక్కొక్కటిగా లెక్కించారు. పిచ్చి, పసితనం, మందబుద్ధి, నిద్ర, స్పృహతప్పడం, మత్తు, బలవంతం మొదలైనవి ఆ జాబితాలో ఉన్నాయి. వ్యాధి కూడా ఉంది. అయితే వ్యాధి గురించి హనఫీ పండితులు ఒక ముఖ్యమైన మాట రాశారు. వ్యాధి తనంతట తానుగా మనిషి అర్హతను గానీ, అతని మాట విలువను గానీ పోగొట్టదు. మరణవ్యాధిలో ఆస్తి దానం చేయడంపై కొన్ని పరిమితులు ఉన్నాయి. అవి వారసుల, అప్పులవాళ్ళ హక్కుల కోసం పెట్టినవే తప్ప రోగికి బుద్ధి లేదని కాదు.

మరో సంగతి: ఈ అడ్డంకుల్లో చాలా వరకు వచ్చిపోయేవే. నిద్రపోయినవాడు లేస్తాడు. స్పృహతప్పినవాడు తేరుకుంటాడు. పిచ్చి వచ్చిపోయే వ్యక్తి స్వస్థంగా ఉన్న సమయంలో చేసిన పని చెల్లుతుందని ఫుఖహా తీర్పు చెప్పారు. కనుక నిన్న రాత్రి జ్వరంలో కలవరించిన తల్లి ఈ ఉదయం తేటగా మాట్లాడుతూ ఉంటే, ఆమె మాట ఆమెకు తిరిగి వచ్చినట్లే. 'అమ్మకు మతి లేదు' అన్న ముద్ర ఒకసారి వేసి శాశ్వతంగా ఉంచేయడం షరీఅత్ పద్ధతి కాదు.

ఊహించడం కాదు, పరీక్షించాలి

అనాథల ఆస్తిని వారికి అప్పగించే ముందు వారిని పరీక్షించి, వివేకం కనబడితేనే అప్పగించాలని దివ్య ఖుర్ఆన్ (అన్నిసా: 6) ఆదేశించింది. అంటే వివేకం ఉందో లేదో చూసి తెలుసుకోవాలి. వయస్సును బట్టి, చదువును బట్టి, వేషాన్ని బట్టి ఊహించరాదు.

ఆస్తి విషయంలోనే ఇంత జాగ్రత్త ఉంటే శరీరం విషయంలో ఎంత ఉండాలి? మన దేశంలో 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమలులోకి వచ్చింది. మానసిక వ్యాధి ఉన్నవారితో సహా ఎవరి అర్హతనైనా తెలుసుకోవడానికి ఆ చట్టం చూడమన్న విషయాలు ఇవి: చికిత్స గురించి చెప్పింది అతనికి అర్థమవుతోందా? ఒప్పుకుంటే ఏమవుతుందో, వద్దంటే ఏమవుతుందో గ్రహించగలుగుతున్నాడా? తన నిర్ణయాన్ని మాటతోనో, సైగతోనో, మరో విధంగానో తెలుపగలుగుతున్నాడా? అతని నిర్ణయం ఇతరులకు తప్పుగా కనిపించినంత మాత్రాన అర్హత లేదని అనరాదని కూడా ఆ చట్టంలో ఉంది. చట్టం మానసిక వైద్యానికి సంబంధించినదే అయినా, ఈ ప్రశ్నలు ఏ రోగి విషయంలోనైనా పనికివస్తాయి.

మూగవాని స్పష్టమైన సైగ నాలుకతో చెప్పిన మాటతో సమానమని మన ఫుఖహా శతాబ్దాల క్రితమే సూత్రీకరించారు. పక్షవాతంతో మాట పడిపోయిన తండ్రి కళ్ళతో, వేళ్ళతో చెప్పేది కూడా మాటే. ఓపికగా కూర్చుని అర్థం చేసుకోవడం మన బాధ్యత.

మానసిక వ్యాధి ఉన్నవారి విషయంలో మన సమాజం మరింత జాగ్రత్తపడాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపంలో ఒక కేంద్రంలో మంటలు చెలరేగి 28 మంది మరణించారు. గొలుసులతో కట్టేసి ఉన్నందున వారు పారిపోలేకపోయారు. వారిని అక్కడ వదిలింది సొంత కుటుంబాలే. ఇప్పుడు మానసిక రోగులను గొలుసులతో బంధించడాన్ని 2017 చట్టం నిషేధించింది. కలం ఎత్తివేయబడిందంటే పాపం రాయబడదని అర్థం. మనిషి హక్కులు ఎత్తివేయబడ్డాయని కాదు.

వలీ అధికారం ఎంతవరకు?

రోగికి నిజంగానే తెలివి లేనప్పుడు, లేదా చిన్నపిల్లలైనప్పుడు వలీ (సంరక్షకుడు) నిర్ణయం తీసుకోవాలి. అప్పు పత్రం రాయించేవాడు బలహీనుడో, చెప్పలేనివాడో అయితే అతని సంరక్షకుడు న్యాయంగా రాయించాలని ఖుర్ఆన్ (అల్ బఖర: 282) ఆజ్ఞాపించింది. 'న్యాయంగా' అన్న షరతే వలీ అధికారానికి హద్దు.

1992లో జిద్దాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ సమావేశం ఈ విషయాన్ని స్పష్టంగా తీర్మానించింది. దాని సారాంశం ఇది: పూర్తి అర్హత ఉన్న రోగికి వైద్యం చేయడానికి అతని అనుమతి షరతు. అర్హత లేకపోతే షరీఅత్ క్రమంలో వలీ అనుమతి తీసుకోవాలి. అయితే వలీ రోగికి మేలు చేసే నిర్ణయమే తీసుకోవాలి. అతని నిరాకరణ వల్ల రోగికి స్పష్టమైన హాని కలిగేటట్లుంటే ఆ నిరాకరణ చెల్లదు. ప్రాణాపాయం ఉన్న అత్యవసర స్థితిలో వైద్యం అనుమతి కోసం ఆగదు. అంటువ్యాధులు, టీకాల వంటి విషయాల్లో ప్రభుత్వం తప్పనిసరి చేయవచ్చు. వైద్య పరిశోధనల్లో పాల్గొనేవారి అనుమతిలో ఖైదీలపై ఉండే బలవంతం గానీ, పేదవారికి చూపే డబ్బు ఆశ గానీ ఉండరాదు.

వలీ కానివారు వలీ స్థానంలో సంతకం చేయడం ఎంత అనర్థమో మన ప్రాంతంలోనే చూశాం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టు నడిచింది. వసతిగృహాల్లో చదివే అనేక మంది బాలికల అనుమతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో ప్రాజెక్టును ఆపివేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ టీకా ఉపయోగకరమైనదే. కానీ మంచి మందు కూడా సరైన అనుమతితోనే ఇవ్వాలి. లదూద్ సంఘటన చెప్పిందీ ఇదే కదా!

భారత చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివారి తరఫున తల్లిదండ్రులే సంతకం చేయాలి. అయినా బులూగ్ పొంది, నమాజు రోజాలు విధి అయిన పదహారేళ్ళ పిల్లవాడికి జబ్బు సంగతి వివరించి అతని మనసు తెలుసుకోవడం న్యాయం.

స్త్రీల శరీరం, ఇతరుల సంతకం

బుద్ధి, యుక్తవయస్సు ఉన్న స్త్రీ తన ఆస్తికి తానే యజమాని. ఆమె అంగీకారం లేకుండా తండ్రి చేసిన నికాహ్‌ను దైవప్రవక్త (స) రద్దు చేసిన సంఘటన బుఖారీలో ఉంది. అలాంటప్పుడు ఆమె శరీరంపై కత్తి పెట్టే విషయంలో ఆమెను వదిలేసి భర్తనో, అత్తనో అడిగితే సరిపోతుందా?

సంతకం పెట్టే ముందు భర్తతో, ఇంటి పెద్దలతో సంప్రదించడం మంచిదే. షూరా (సంప్రదింపు) మన ధర్మం. కానీ సంప్రదింపు వేరు, ఆమె స్థానంలో నిర్ణయించడం వేరు. 2008లో మన సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఇదే తేడాను ఎత్తిచూపింది. ఒక మహిళ పరీక్ష కోసం అంగీకరించి మత్తులో ఉండగా, డాక్టరు ఆమె తల్లి అనుమతితో గర్భసంచినీ అండాశయాలనూ తొలగించారు. ఆమె యుక్తవయస్కురాలు, కాసేపట్లో స్పృహలోకి వచ్చేది, అప్పటికప్పుడు ప్రాణాపాయం లేదు. కనుక తల్లి అనుమతి చెల్లదని, పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు వర్తించదని కోర్టు తేల్చింది. అనుమతి లేకుండా ఒక మనిషి శరీరంపై కంతి కోసిన వైద్యుడు నష్టానికి బాధ్యుడని ఇమామ్ ఇబ్నె ఖుదామా (రహ్మ) ఎనిమిది శతాబ్దాల క్రితం 'అల్ ముగ్నీ'లో రాసిన మాట ఇక్కడ గుర్తుకు వస్తుంది.

ఇది మనకు దూరపు విషయం కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తొలగించబడినవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం, తెలంగాణలో సుమారు 8 శాతం ఉన్నారు. ప్రతి ఆపరేషన్ అనవసరమని మేము అనడం లేదు. కానీ మన ఇంటి ఆడవారికి ఆ సలహా వచ్చినప్పుడు, మందులతో నయమయ్యే దారి ఉందా, తీసేస్తే తర్వాత ఏమవుతుంది అని వారే అడిగి తెలుసుకునే అవకాశం ఇవ్వాలి.

వద్దంటే ఏం చేయాలి?

రోగి తెలివిలో ఉండి చికిత్స వద్దంటే? భోజనం మానేసి చనిపోయినవాడు పాపి అవుతాడని, మందు వాడక చనిపోయినవాడు పాపి కాడని ఫతావా ఆలంగీరీలో ఉంది. అన్నంతో ఆకలి తీరడం నిశ్చయం, మందుతో నయం కావడం నిశ్చయం కాదన్నది దానికి కారణం. అయితే కొన్ని చికిత్సల ఫలితం ఈనాడు చాలా స్పష్టంగా ఉంది. చికిత్స మానితే ప్రాణం గానీ అవయవం గానీ పోయేటట్లుంటే, లేదా జబ్బు ఇతరులకు అంటుకునేటట్లుంటే వైద్యం చేయించుకోవడం వాజిబ్ అని పైన పేర్కొన్న జిద్దా తీర్మానం చెప్పింది.

కనుక షుగరు పుండుతో కాలు కుళ్ళుతున్న తండ్రి ఆపరేషన్ వద్దంటే ఊరుకోరాదు. ఎందుకు వద్దంటున్నారో వినాలి. ఖర్చు భయమా? కొడుకులకు భారమవుతానన్న బెంగా? వుజూ, నమాజు ఎలాగన్న ఆందోళనా? చాలాసార్లు 'వద్దు' వెనుక ఉన్నది ఒక జవాబు దొరకని ప్రశ్న. దానికి జవాబు చెప్పి, బతిమాలి, నమ్మకస్తుడైన డాక్టరుతోనూ ఆలిమ్‌తోనూ మాట్లాడించి ఒప్పించాలి. మోసగించి మాత్రం ఒప్పించకూడదు. తెలియని వస్తువు అమ్మకమే మన ధర్మంలో చెల్లదు. తెలియని కోతకు పెట్టించిన సంతకం ఎలా చెల్లుతుంది?

జబ్బును దాచడం

అన్నిటికన్నా పెద్ద పొరపాటు, పెద్ద జబ్బును రోగికి తెలియకుండా చివరివరకు దాచడం. 'తెలిస్తే గుండె ఆగిపోతుంది' అంటారు. వసియ్యత్ చేయవలసినది ఏదైనా ఉన్న ముస్లిం, అది రాసి పెట్టుకోకుండా రెండు రాత్రులు కూడా గడపరాదన్న హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. ఆ మనిషి దగ్గర ఎవరి అమానత్ ఉందో, ఎవరికి అప్పు ఉందో, తప్పిన రోజాలు ఎన్నో, ఎవరితో మాటలు మానేసి ఉన్నాడో మనకు తెలియదు. అతనికే తెలుసు. జబ్బు దాచినవాడు భయాన్ని ఒక్కదాన్నే దాచడం లేదు. తౌబాకు, అప్పు తీర్చడానికి, క్షమాపణ కోరడానికి మిగిలిన రోజులను కూడా దాచేస్తున్నాడు. రేపు అల్లాహ్ సన్నిధిలో ఆ లెక్క చెప్పుకోవలసింది కొడుకులు కాదు, ఆ రోగే.

చెప్పే తీరులో మృదుత్వం ఉండాలి. ఒకేసారి అంతా చెప్పనక్కర లేదు. "మీ జబ్బు గురించి డాక్టరు చెప్పింది మీరే వింటారా, లేక మాలో ఒకరితో మాట్లాడమంటారా?" అని ముందుగా అడగాలి. కొందరు వినలేమంటారు. అప్పుడు వారు ఎవరిని చూపితే అతడే వారి వకీల్. కానీ వకీల్‌ను నియమించుకునేది రోగి. మనకు మనమే వకీళ్ళం కాలేము.

ఇంట్లో పాటించవలసినవి

1. డాక్టరుతో మాట్లాడేటప్పుడు రోగి తెలివిలో ఉంటే అతని ఎదుటే మాట్లాడాలి. కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగులోనో ఉర్దూలోనో చదివి వినిపించమని కోరాలి.

2. జబ్బు ఏమిటి, చికిత్స ఏమిటి, ప్రమాదం ఏమిటి, వేరే దారి ఉందా, చేయించుకోకపోతే ఏమవుతుంది – ఈ అయిదు విషయాలు తెలిసిన తర్వాతే సంతకం.

3. అర్థమైందా అని అడిగితే అందరూ తల ఊపుతారు. "మీకు ఏం చెప్పారో మాకు చెప్పండి" అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

4. మతిమరుపు ఉన్న పెద్దలను వారు తేటగా ఉన్న వేళ అడగాలి. పెద్ద విషయం చెప్పలేకపోయినా చిన్నది చెప్పగలరు. ఆ చిన్నదైనా వారినే అడగాలి.

5. ఆరోగ్యంగా ఉన్నప్పుడే, తమకు తెలివి లేని స్థితి వస్తే ఎవరు నిర్ణయించాలో పెద్దలు ఇంట్లో చెప్పి ఉంచాలి. మానసిక చికిత్స విషయంలో ఇలా ముందుగా రాసి ఉంచడానికి, ప్రతినిధిని ఎంచుకోవడానికి 2017 చట్టమే వీలు కల్పించింది.

6. స్పృహ లేని, ప్రాణాపాయ స్థితిలో సంతకాల కోసం, బంధువుల రాక కోసం సమయం పోగొట్టరాదు. ప్రాణరక్షణే ముందు.

ప్రియ సోదర సోదరీమణులారా! జబ్బుపడిన మనిషి నీరసించి ఉంటాడు, ఇతరులపై ఆధారపడి ఉంటాడు. అలాంటి వేళ అతని మాట వినడం కూడా అయాదత్‌లో (రోగి పరామర్శలో) భాగమే. మందు పోసే చేతికన్నా ముందు, వినే చెవి కావాలి. అల్లాహ్ మన రోగులందరికీ సంపూర్ణ స్వస్థతను ప్రసాదించుగాక! వారి హక్కులను గుర్తించి నెరవేర్చే సద్బుద్ధిని మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.